కొంగులో ఉలవలు

నాలుగేళ్ల కిందటి మాట. ప్రొద్దుటూరులో పెళ్లి ఊరేగింపులకు మా ఆయన ఒక తెల్ల గుర్రాన్ని బాడుగకు తిప్పేవారు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి ఆ నెలంతా అది కొట్టంలోనే ఉండేది.

"పని ల్యాకుండా నిలబడేదానికి ఉలవలు పెడితే పొగరెక్కుతాది. ఈ నెలంతా వట్టి గడ్డే ఎయ్యి" అన్నారాయన.

దాని డొక్కలు చూడలేక, ఆయన బయటికి వెళ్లగానే నానబెట్టిన ఉలవలు కొంగులో పోసుకెళ్లి రోజూ తినిపించాను. నెల తిరిగేసరికి అది గిట్టలతో నేల తవ్వడం, చిన్న చప్పుడుకే ఎగిరిపడడం మొదలుపెట్టింది. హుషారొచ్చిందని మురిసిపోయాను.

శ్రావణంలో మొదటి పెళ్లి. పెళ్లికొడుకు ఎక్కకముందే బ్యాండు మోగింది. గుర్రం వెనక్కాళ్ల మీద లేచి, కళ్లెం పట్టుకున్న మా ఆయన్ని పడేసి తొక్కింది. ఆ మోకాలు ఇప్పటికీ వంగదు.

"ఇన్నేండ్లు సాకితే నన్నే తొక్కె. దానికి పిచ్చెక్కిండాది, అమ్మేద్దాం" అన్నారు ఆస్పత్రి మంచం మీద. ఉలవల సంగతి ఆయనకు చెప్పలేదు.

కొన్నవాళ్లు వ్యాను ఎక్కిస్తుంటే అది మెడ తిప్పి, నా కొంగులో మూతి పెట్టి వెతికింది.

మా ఆయనకు చదవడం రాదు. అందుకే ఇది మీకు రాయగలుగుతున్నాను.