మా ఒంటెకు తెనాలి తెలుగు రాదు

చలికాలమంతా తెనాలిలో మా చెల్లెలింట్లో గడిపి, ఎండలు ముదరకముందే రియాద్‌లో విమానం దిగాను. చెల్లెలికి కవలలు పుట్టారు. ఇద్దరూ వంతులు వేసుకుని నిద్రపోయేవారు. ఒకడు పడుకుంటే రెండోవాడు లేచేవాడు. దాంతో కొద్దిరోజులుండి వద్దామని వెళ్లినదాన్ని చలి పోయేదాకా ఉండిపోయాను. అక్కడ చుట్టాలందరూ "ఇంటికొచ్చావా అమ్మాయ్" అని పలకరించేవారు. నాకేమో ఇల్లనగానే రియాద్ నుంచి ఖర్జ్ ఊరికి వెళ్లే దారిలో, ఇసుక దిబ్బల పక్కన, ఖర్జూరపు చెట్ల మధ్య ఉన్న మా రేకుల ఇల్లే కళ్లలో మెదిలేది.

మా ఆయన అక్కడ ఒక మజ్రాకు సూపర్‌వైజరు. మజ్రా అంటే తోటా, పొలమూ, పశువుల దొడ్డీ అన్నీ కలిసిన చోటు. గొర్రెలు, మేకలు, బాతులు, నాలుగు ఒంటెలు, వాటి వెనక తిరగడానికి ఒక సూడాన్ కాపరి. మా కఫీల్, అంటే ఆ మజ్రా యజమాని, రియాద్‌లో ఉండే పెద్దాయన. శుక్రవారం శుక్రవారం వచ్చి అన్నీ చూసుకుని వెళ్తాడు. మేమిద్దరం, పన్నెండేళ్ల మా అమ్మాయి అక్కడే కాపురం. నేను లేనన్నాళ్లు ఇంటిని కనిపెట్టుకుని ఉండడానికి మా అత్తగారు కడప జిల్లా నుంచి విజిట్ వీసా మీద వచ్చింది. మక్కాకు వెళ్లి ఉమ్రా యాత్ర చేసుకుని, మిగతా రోజులు కొడుకింట్లో విశ్రాంతిగా కూర్చుంటుందని మేం అనుకున్నాం. విశ్రాంతి అన్న మాట ఆవిడ చెవిన పడినట్టు లేదు.

ఎయిర్‌పోర్టు బయట మా ఆయన, అమ్మాయి నిలబడి ఉన్నారు. అమ్మాయి నా భుజం దాటి పెరిగింది. మా ఆయన పొడవు పెరగలేదు గానీ, తల్లి చేతి వంటకు పక్కలకు బాగా పెరిగాడు. చొక్కా గుండీల మధ్య బనీను కనిపిస్తోంది. అమ్మాయి నన్ను వాటేసుకుని ఒక్క నిమిషం ఏడ్చి, వెంటనే కళ్లు తుడుచుకుని, "అమ్మా, బండిలో నీకొకటి చూపించాలి, రా" అంది.

మా వనైత్, అంటే రెండు వరసల సీట్లుండి వెనక సామాను వేసుకునే బండి, పార్కింగులో ఉంది. దాని చుట్టూ పిల్లలు మూగి ఫోన్లతో ఫోటోలు తీస్తున్నారు. ముందు సీట్లో ఒక గొర్రెపిల్ల కూర్చుని ఉంది. దానికి స్వెట్టరు తొడిగి ఉంది. ఆ స్వెట్టరు నాది. మెరూన్ రంగుది, మా చెల్లెలు అల్లి ఇచ్చింది.

"ఏవండీ, అది నా స్వెట్టరు కదూ?"

"తల్లి లేని పిల్లబ్బా. చలికి వణుకుతాంటే మా అమ్మ తొడిగింది. చేతులు కూడా సరిపోయినాయి."

"సరే, దాన్ని ఎయిర్‌పోర్టుకు ఎందుకు తీసుకొచ్చారు?"

"ఇంట్లో పెట్టి వస్తే ఒకటే అరుపు. అమ్మకు తలనొప్పి." ఇంతకంటే సమంజసమైన కారణం ప్రపంచంలో ఉండదన్నట్టు చెప్పాడు.

నేను వెనక సీట్లో కూర్చున్నాను. నా సీటు గొర్రెపిల్లకు అలవాటైపోయిందట, దిగలేదు. దారిలో మలాజ్‌లో మన సరుకులు దొరికే దుకాణం దగ్గర ఆగి కరివేపాకు, ములక్కాడలు, చింతపండు కొన్నాం. దుకాణం ఆయన హైదరాబాదు మనిషి. బండిలోకి తొంగి చూసి, "మీ చిన్నపాపకు స్వెట్టర్ బాగుంది భాయ్" అన్నాడు. కరివేపాకు కట్టలు ముందు సీటు కింద పెట్టాం. ఇంటికి చేరేసరికి పుల్లలు మిగిలాయి.

వాకిట్లో మా అత్తగారు నిలబడి ఉంది. చీర కుచ్చెళ్లు ఎగదోపి, తలకు తువ్వాలు చుట్టి, చేతిలో బర్సీం గడ్డి మోపుతో.

"వచ్చినావామ్మా! ఏందిట్ల చిక్కిపోయినావే? ఆ తెనాల్లో అన్నం పెట్టల్యా నీకు?" అని గడ్డి మోపుతోనే నన్ను కౌగిలించుకుంది. ఆ తర్వాత చాలాసేపు నా జడలోంచి గడ్డిపోచలు వచ్చాయి.

లోపల అడుగు పెడితే కాళ్లు చల్లగా తగిలాయి. నేను వస్తున్నానని మా ఆయన పొద్దున్నే ఇల్లు శుభ్రం చేశాడు. చీపురుతో కాదు, తోటకు నీళ్లు పెట్టే మోటారు పైపుతో. దుమ్ము పోయిందన్న మాట నిజమే. పరుపు నుంచి కూడా నీళ్లు కారుతున్నాయి. మేము పరుపును ఎండలో గోడకు చేరేసి, చాపలు వేసుకుని కూర్చుని భోంచేశాం. మా అత్తగారు వంటింట్లో అన్ని డబ్బాలకూ చోట్లు మార్చేసింది. ఉప్పు అడిగితే, "కందిపప్పు డబ్బాలో చూడు" అంది. కందిపప్పు ఎక్కడుందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అయినా ఆ పూట అందరం ఒక్క చోట కూర్చుని తింటుంటే, మా అమ్మాయి నా ఒళ్లో కాలు వేసుకుని తింటుంటే, ఎక్కడ కూర్చున్నానో నాకు పట్టలేదు.

నా అసలు కష్టం మర్నాడు పొద్దున్న మొదలైంది.

ఒంటెల్లో తెల్లటి ఆడది ఒకటుంది. దానికి నేను రోజూ పొద్దున మిగిలిన రొట్టెలు పెట్టేదాన్ని. నన్ను చూస్తే కంచె దగ్గరికి వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించేది. తెనాలిలో కవలలు ఏడుస్తున్నప్పుడు కూడా నాకు దాని మొహం గుర్తొచ్చేది. అందుకే ఆత్రంగా రొట్టెలు పట్టుకుని వెళ్లాను.

"రామ్మా, రా తల్లీ. ఎవరొచ్చారో చూడు."

అది నన్ను చూసింది. తర్వాత నా వెనకున్న నీళ్ల ట్యాంకును అంతకంటే ఇష్టంగా చూసింది. ఇంకోసారి పిలిచాను. నమలడం ఆపలేదు. వెనక నుంచి మా అత్తగారి గొంతు వినిపించింది.

"ఏమే! యాడ జూచ్చాండావు? రొట్టె పెడ్తాంటే కానరాల్యా? రా ఇట్లా!"

ఒంటె పరుగున వచ్చింది. నా చేతిలో రొట్టె నోట కరుచుకుని అత్తగారి భుజం మీద గడ్డం పెట్టింది.

"నీ మాట దానికి అర్థం కాదమ్మా. మెత్తగా మాట్లాడ్తావు. దాన్ని రా తల్లీ అంటే ఎవురినో అనుకుంటాది," అంది అత్తగారు, నన్ను ఓదార్చడానికే.

నేను లేని ఆ కాలంలో ఆవిడ మజ్రా మొత్తానికి కడప తెలుగు నేర్పేసిందని నాకు మెల్లగా తెలిసింది. "పాండి పాండి" అంటే మేకలు దొడ్లోకి వెళ్లేవి. "ఛీ, అవతలికి" అంటే బాతులు దారి ఇచ్చేవి. సూడాన్ కాపరి కూడా ఏ పని చెప్పినా "అట్లే లేమ్మా" అనేవాడు. శుక్రవారం కఫీల్ వచ్చినప్పుడు చెట్టు నీడన చాప వేసి, మా ఆయన పక్కన కూర్చోగా, పెద్దాయనకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టింది. ఆయన మోకాళ్ల నొప్పుల గురించి అరబీలో చెప్పాడు. ఈవిడ తన మోకాళ్ల గురించి తెలుగులో చెప్పింది. ఇద్దరూ ఎక్కడ తలలూపాలో అక్కడ ఊపారు. మా ఆయన తర్జుమా చేయబోతే ఇద్దరూ కలిసి కసిరారు.

నాకు కొంచెం కుళ్లు పుట్టిన మాట వాస్తవం. మధ్యాహ్నం వంటింట్లో పప్పు కడుగుతూ ఎవరూ వినకుండా సాధన మొదలుపెట్టాను. గొంతు బరువు చేసి, "లెయ్! పొద్దెక్కిపాయ. ఎంతసేపు పడుకుంటావు?" అన్నాను. పక్క గదిలో భోంచేసి కునుకు తీస్తున్న మా ఆయన దిగ్గున లేచి, "లేచినాలేమ్మా! మోటారు ఆపేసే వచ్చినా!" అన్నాడు. మనిషి మీద పని చేసిందంటే ఒంటె మీద కూడా చేస్తుందని నాకు ఆశ పుట్టింది. సాయంత్రం వెళ్లి అదే గొంతుతో అన్నాను. ఒంటె తుమ్మింది. దుప్పట్టా ఉతుక్కోవలసి వచ్చింది.

అలా ఉండగా కఫీల్‌కు ఆయన స్నేహితుడొకడు ఆ తెల్ల ఒంటె కావాలని కబురు పెట్టాడు. పెద్దాయన స్నేహితుడి మాట కాదనలేక సరేనన్నాడు. లారీ వచ్చిన పొద్దున మా అమ్మాయి ఏడ్చింది, నేను ఏడ్చాను, గొర్రెపిల్ల కూడా ఏదో అరిచింది. అత్తగారు మాత్రం ఏడవలేదు. తాడు పట్టుకుని, "ఎక్కు, ఎక్కు. పెద్దింటికి పోతాండావు, అణకువగా ఉండు," అని కోడలికి చెప్పినట్టు చెప్పి ఇసుక గట్టు మీదుగా లారీ ఎక్కించి, కూర్చోబెట్టి, దిగి వచ్చింది.

మధ్యాహ్నానికి ఫోన్లు మొదలయ్యాయి. అక్కడికి చేరిన ఒంటె లారీలోంచి లేవడం లేదట. తాళ్లు విప్పారు, లాగారు, గడ్డి చూపించారు, అరబీలో చెప్పారు, ఉర్దూలో చెప్పారు. అది లారీ మధ్యలో గుడారంలా కూర్చుని ఉందట. లారీ డ్రైవరు ఇంకో చోటికి వెళ్లాలని గోల చేస్తున్నాడట.

కఫీలే మా ఆయనకు ఫోన్ చేసి, "అక్కడివాళ్లకు ఫోన్ కలిపి, ఒంటెతో హాజ్జాను మాట్లాడించు," అన్నాడు. పెద్దావిడను అక్కడ గౌరవంగా అలా పిలుస్తారు.

అత్తగారు ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, "లెయ్యే, మొద్దుమొకమా! నలుగురిలో నా పరువు తీస్తాండావా?" అని అరిచింది. అటువైపు ఏదో కలకలం, ఫోన్ కట్టయింది. మళ్లీ చేశారు, మళ్లీ కట్టయింది. మూడోసారి గానీ సంగతి తెలియలేదు. గొంతు వినగానే ఒంటె అత్తగారిని ఫోనులో వెతుకుతోందట. మూతి పెట్టేసరికి ఎర్ర గుర్తు నొక్కుకుపోతోందట.

ఇక తప్పదని అందరం వనైత్ ఎక్కాం. ఈసారి గొర్రెపిల్లను వెనక సీటుకు పంపించగలిగాను.

అవతలి మజ్రాలో లారీని ఇసుక దిబ్బకు ఆనించి పెట్టారు. కొనుక్కున్నాయన, ఒక పాకిస్తానీ కాపరి, డ్రైవరు మా కోసం ఎదురుచూస్తున్నారు. అత్తగారు లారీని ఎగాదిగా చూసి, "పొద్దున ఎక్కినందుకే మోకాళ్లు పట్టుకున్నాయి, మళ్లీ నాతో కాదు. నువ్వెక్కి తాడు పట్టుకోమ్మా, నేను కిందనుంచి చెప్తా," అంది.

నాకు అవకాశం దొరికినట్టయింది. ఆవిడ అరిచేలోగా నేనే లేపుదామని లారీ ఎక్కాను. ఒంటె వీపు మీద బోర్లా వాలి, మెడ నిమురుతూ, చెవి దగ్గర నోరు పెట్టి నాకు వచ్చిన తెలుగులోనే బతిమాలాను. "లేమ్మా, నా మాట విను. బంగారు తల్లివి కదూ."

అది తల తిప్పి నా వైపు చూసింది. ఆ చూపులో గుర్తుపట్టిన ఛాయ కనిపించిందని ఇప్పటికీ అంటాను. సరిగ్గా అప్పుడే కింద నుంచి అత్తగారు, "లెయ్యే, మొద్దుమొకమా!" అని కేకేసింది.

ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు లేపుతుంది. వెనక భాగం ఒక్కసారి ఆకాశానికి లేచింది. నేను దాని వీపు మీది నుంచి మెడ మీదికి, మెడ మీది నుంచి తల దాటి, ఎదురుగా ఉన్న గడ్డి మోపుల్లోకి జారిపోయాను. ఒంటె నా పక్కనుంచి హుందాగా నడిచి, దిబ్బ మీదికి దిగి, అత్తగారి భుజం మీద గడ్డం పెట్టింది. మా అమ్మాయి మొత్తం వీడియో తీసింది. నేను గడ్డిలోంచి లేచేలోపే అది తెనాలికి చేరిపోయింది. చెల్లెలు వెంటనే ఫోన్ చేసి, మాట్లాడలేక నవ్వి పెట్టేసింది.

"దెబ్బ తగిలిందామ్మా?" అని అత్తగారు నా నెత్తి తడిమింది.

"లేదత్తయ్యా. నేనే లేపాను కదా?"

"నువ్వే లేపినావులే," అంది ఆవిడ, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

కొనుక్కున్నాయన మహా సంతోషపడి మా అందరికీ ఖర్జూరాలు, కహ్వా అనే అరబ్బుల కాఫీ ఇచ్చాడు. పాకిస్తానీ కాపరి మాత్రం దిగులుగా అత్తగారి దగ్గరికి వచ్చాడు. రేపటి నుంచి ఈ ఒంటెను లేపవలసినవాడు అతనే. ఆ రెండు మాటలూ తనకూ నేర్పమన్నాడు. అత్తగారు నేర్పింది. "లయ్యే" అన్నాడు. "లెయ్యే" అని దిద్దింది. "మొద్దూ మోకమా" అన్నాడు. పలికి పలికి చివరికి బాగానే పట్టుకున్నాడు. అతను "లెయ్యే" అంటే, అలవాటు పడ్డ మా గొర్రెపిల్ల బండిలో లేచి నిలబడింది.

"దీనికి అర్థం ఏమిటి?" అని నన్ను ఉర్దూలో అడిగాడు. మొదటి మాటకు లేవమని చెప్పాను. రెండోదానికి ఉన్న అర్థం చెబితే హాజ్జా మీద గౌరవం పోతుందేమోనని భయం వేసింది. "ప్రియమైనదానా అని," అన్నాను. మా ఆయనకు కహ్వా పొలమారింది.

తర్వాతి వారం ఆ కాపరి అత్తగారికి సలాం చెబుదామని ఫోన్ చేశాడు. ఒంటె బుద్ధిగా లేస్తోందట, మేస్తోందట. ఇంకో మాట కూడా చెప్పాడు, కొంచెం సిగ్గుపడుతూ. ఆ ముద్దు మాట అతనికి బాగా నచ్చి, మొన్న ముల్తాన్‌లో ఉన్న భార్యతో ఫోన్లో అన్నాడట. అర్థం చెబితే ఆమె మురిసిపోయిందట. ఇప్పుడు రోజూ అలాగే పిలవమంటోందట.