పాటకు మొక్కిన కోడి

మా అక్క యాదమ్మకు నిద్ర కరువై ఏడాది కావస్తుండగా ఈ ప్రయాణం పెట్టుకున్నాం. మా బావ పట్నంలోని సర్కారు దవాఖానలో మంచం పట్టి, అక్కడే పోయాడు. అప్పటి నుంచి అక్క పడుకుంటుంది గానీ కన్ను మూతపడదు. మాత్రలు మింగింది, దర్గాలో తాయెత్తు కట్టించుకుంది. 2012లో, చలి తగ్గుతున్న రోజుల్లో, పత్తి ఏరుతూ ఒక మాట చెప్పింది. దవాఖానలో పక్క మంచం రోగికి తోడుగా వచ్చిన మార్తమ్మ అనే ఆమె తెల్లవారేటప్పుడు మెల్లగా ఒక కీర్తన పాడేదట. క్రైస్తవుల పాత కీర్తన. అది వినబడినంతసేపు అక్కకు కునుకు పట్టేదట. "గా పాట ఇంకొక్కపారి ఇనాలె తమ్మీ" అంది. మాది పోచమ్మకు బోనం ఎత్తే ఇల్లు. చర్చి గడప ఇద్దరం ఎన్నడూ తొక్కలేదు. మార్తమ్మ గురించి మాకు తెలిసింది ఒక్కటే: శంషాబాద్ దగ్గర, విమానాశ్రయం కింద ఊరు పోయినవాళ్లకు ఇచ్చిన కాలనీలో ఉంటుంది.

ఆదివారం పొద్దున ఏడింటికి షాద్‌నగర్‌లో బస్సెక్కాం. అఫ్జల్‌గంజ్ వెళ్లే ఎర్రబస్సు ఏదైనా శంషాబాద్‌లో ఆగుతుంది. గంట ప్రయాణం, టికెట్ ఇరవై పైచిలుకు. బస్సు కదిలాక అక్క కాళ్ల దగ్గర సంచి కూడా కదిలింది. తీసి చూస్తే కోడిపెట్ట.

"ఏందక్కా ఇది?"

"మొక్కు. మీ బావ బతికితే గా పాటకు కోడినిస్త అని మొక్కిన."

"బావ బతకలే గదా?"

"నాకు నిద్రయితే ఇచ్చింది గదరా. గందుకు ఇస్తున్న."

దేవునికి మొక్కడం విన్నాను, పాటకు మొక్కడం వినలేదు. నెరవేరని మొక్కును చెల్లించడం అంతకన్నా వినలేదు. కొత్తూరు దాటేదాకా ఆలోచించి వదిలేశాను.

శంషాబాద్ బస్టాండు ఎదుట షేర్ ఆటోలు ఉంటాయి, మనిషికి పది రూపాయలు. కాలనీ పేరు చెబితే దింపుతారు. తలమీదనే విమానాలు దిగుతుంటాయి కాబట్టి మాట్లాడాలంటే గొంతు పెంచాలి. డ్రైవరు సంచి వైపు చూసి, "అక్కా, కోడికి పాస్‌పోర్టు ఉన్నదా? విమానం ఎక్కనియ్యరు మల్ల" అన్నాడు. "నీ ఆటో ఎక్కినంక విమానం ఎందుకు, సక్కగ దవాఖానకే పోతం. జర మెల్లగ నడుపు" అంది అక్క. బావ పోయాక ఆమె నోట హాస్యం వినడం అదే మొదలు.

మార్తమ్మ అక్కడే దొరుకుతుందని ముందు చర్చికి పోయాం; కాలనీ చివర రేకుల కప్పుతో ఉన్న దాన్ని అక్కడ మందిరం అంటారు. చెప్పులు బయట విడిచి, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. గుమ్మంలోనే సంఘపెద్ద ఒకాయన కోడిని చూసి ఆగాడు. అక్క, "యాడ కోస్తరు?" అని అడిగింది.

"ఈడ కొయ్యం తల్లీ. ప్రార్థన అయినంక వేలం పాడుతం. పైసలు మందిరానికి."

"దేవునికిచ్చిన కోడిని అమ్ముకుంటరా?"

"మరి మీ పోచమ్మకిచ్చిన కోడిని ఎవలు తింటరు?"

"మేమే."

"ఇంకేంది మరి" అని నవ్వి, కోడిని తీసుకుపోయి వెనక గుంజకు కట్టేశాడు.

ప్రార్థన మొదలైంది. కీబోర్డు, డ్రమ్ములు, పెద్ద సౌండు బాక్సులు. పాటలన్నీ కొత్తవి, చప్పట్లతో వేగంగా సాగేవి. పాడేవాళ్లు మనసుపెట్టి పాడుతున్నారు. అక్క మాత్రం ప్రతి పాటకూ నావైపు తిరిగి, ఇది కాదన్నట్టు తలాడించింది. ప్రార్థన ముగిసి, కోడి వేలంలో వెళ్లిపోయాక పెద్దాయనను మార్తమ్మ గురించి అడిగాం. "ఆమె మందిరానికి వచ్చుడు బంద్ జేసింది. మూడో గల్లీల ఉంటది, పోయి చూడుండ్రి" అన్నాడు.

మార్తమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అక్కను గుర్తుపట్టింది, పక్కన పీట వేసింది. అక్క వచ్చిన పని చెప్పగానే ఆమె ముఖం మారింది.

"మా ఆయన గూడ పోయిండు చెల్లే, మీ ఆయన పోయిన పక్షానికే. పాడి పాడి అడిగిన. బతికియ్యలే. ఇగ దేవునితోని నాకు మాటల్లేవు."

"నాకోసం పాడు అక్కా."

"విశ్వాసం లేని నోటితోని పాడితే పాట ఏం పనిజేస్తది?"

"నాకు అప్పుడు గూడ లేకుండె" అంది అక్క. "అయినా పనిజేసింది."

మార్తమ్మ తల వంచి మళ్లీ గింజలు తీయసాగింది. ఇక లేద్దామని నేను సంచి అందుకున్నాను. అక్క లేవలేదు. గంపలోంచి గుప్పెడు చింతపండు తీసుకుని తానూ గింజలు తీస్తూ, ఆ కీర్తనలో వచ్చీరాని ముక్క ఒకటి సన్నగా ఎత్తుకుంది. మాటలు సగమే, రాగం ఎటో పోతోంది. కాసేపు ఓర్చుకుని మార్తమ్మ విసుక్కుంది.

"గట్ల గాదు. నువ్వు దాన్ని బోనాల పాట జేస్తున్నవ్. ఆడ కిందికి దించాలె."

"ఎట్ల?"

ఆమె ఒక వరుస పాడి చూపించింది. అక్క తిరిగి అంది. మళ్లీ తప్పింది, మళ్లీ తిట్లు పడ్డాయి. నాట్లేసేటప్పుడు ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకున్నట్టే సాగింది. నాకు సంగీతం తెలియదు. ఆ పాటలో తొందర లేదని మాత్రం తెలిసింది. కొంతసేపటికి మార్తమ్మ గొంతు తగ్గుతూ తగ్గుతూ ఆగింది. చేయి గంపలోనే ఉంది, తల గోడకు వాలింది. నిద్రపోయింది. అక్క నన్ను కదలొద్దని సైగ చేసి, గొంతు ఇంకా తగ్గించి పాడుతూనే ఉంది. విమానం ఒకటి ఇంటిమీదుగా పోయినా మార్తమ్మకు మెలకువ రాలేదు.

తిరుగు బస్సులో కూడా అక్క నిద్రపోలేదు. పాలమాకుల దాటాక, "తమ్మీ, దేవుడు ఆమె పాట ఇన్నట్టా, ఇననట్టా?" అని అడిగింది. ఏమో అన్నాను. ఇప్పటికీ అంతే చెప్పగలను. అక్క నెలకొకసారి మార్తమ్మ వాకిట్లోకి వెళ్లివస్తోంది. వెళ్లాక ఇద్దరూ చేతికి దొరికిన పని చేసుకుంటూ పాడుకుంటారట. పోచమ్మకు బోనమూ ఎత్తింది. మతం మారిందా అని ఊళ్లో నన్ను అడుగుతున్నారు. నిద్ర కొన్ని రోజులు పడుతుంది, కొన్ని రోజులు పట్టదు. పట్టని రోజున మునుపటిలా భయం వేయడం లేదని మాత్రం చెప్పింది. దీన్ని విశ్వాసం అనవచ్చో లేదో నాకంటే తెలిసినవాళ్లు చెప్పాలి.

మీలో ఎవరైనా పాత కీర్తనల కోసం అటు వెళితే, ప్రార్థన అయ్యేదాకా ఆగి, వాటిని ఎరిగిన పెద్దవాళ్ల ఇల్లు కనుక్కుని వెళ్లండి. పాడమని బతిమాలకండి. మీకు వచ్చిన ముక్కను తప్పో ఒప్పో మీరే మొదలుపెట్టండి. సరిదిద్దడానికైనా వాళ్లు గొంతు కలుపుతారు.