మాంగ్ పోన్సో మొదటి చప్పట్లు

మాంగ్ పోన్సోకి ఉన్న జబ్బు ఒక్కటే: అందరికంటే ముందు చప్పట్లు కొట్టడం. పాట అయిపోయాక కొడితే దాన్ని మర్యాద అనేవాళ్లం. ఆయన అయిపోకముందే కొడతారు.

అసలు పేరు ఇల్దెఫోన్సో కటిగ్బాక్. మనీలాలో అంత పేరు పెట్టి పిలిచే తీరిక ఎవరికీ లేదు కాబట్టి పోన్సో అయ్యారు. డెబ్భై దాటిన మనిషి కాబట్టి ముందు మాంగ్ చేరింది. ఆసియా కొత్త స్వరకర్తల సంఘంలో ఆయనకంటే పాత సభ్యుడు లేడు. ఏటా ఒక్కో దేశంలో జరిగే సంఘం ఉత్సవానికి, చేతికి అందిన చొక్కా వేసుకుని, ఆ రెండు అరచేతులూ వెంటబెట్టుకుని వెళతారు.

కొత్త సంగీతంతో ఒక చిక్కుంది. అది ఎక్కడ మొదలైందో వాయించేవాళ్లకు తెలుస్తుంది, ఎక్కడ అయిపోయిందో రాసినవాళ్లకే తెలుస్తుంది. మిగతా మూడు వందల మందీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ మూడు వందల మందిలో ఎవరి మొహమూ చూడని మనిషి మాంగ్ పోన్సో.

సియోల్‌లో పియానో వాయిస్తున్నాయన కాసేపు రెండు చేతులూ పైకెత్తాడు. చప్పట్లు! తైపేలో మూడు భాగాల రచన రెండో భాగం దగ్గరే ఈయన చప్పట్లతో ముగిసింది. మూడో భాగం ఎలా ఉండేదో ఈనాటికీ ఎవరికీ తెలియదు. బ్యాంకాక్‌లో అయితే చెల్లో ఆవిడ ఇంకా తీగలు సరిచూసుకుంటోంది. ఈయన లేచి నిలబడి మరీ "భేష్!" అన్నారు. ఒకసారి మనీలాలోనే కియాపో దగ్గర, ఎక్కిన జీప్నీ బండి ఇంజను ఆగిపోతే అప్పుడు కూడా కొట్టారు. డ్రైవరు దిగి దణ్ణం పెట్టాడు.

మిండా ఆయన దగ్గరే స్వరరచన నేర్చుకుంది, ఇప్పుడు సంగీత కళాశాలలో పాఠాలు చెబుతోంది. పదేళ్లుగా ఈ కథలన్నీ పదిమందికీ చెప్పి నవ్వించింది కూడా. కానీ ఆ ఏడు ఉత్సవం మనీలాలోనే జరగడం, మొదటి సాయంత్రమే తన రచన ఉండడంతో ఆమె నవ్వు ఆగిపోయింది.

సముద్రం మీద రాసిన ఆ రచన పేరు 'పోటు తగ్గాక'. రెండేళ్లు రాసింది. వేణువు, చెల్లో, వరసగా పేర్చిన కులింతాంగ్ గంటలు. చివర వేణువు మీద సన్నటి స్వరం ఒకటి, ఆ తర్వాత పదిహేడు సెకన్ల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కోసమే మిగతాదంతా రాసింది. కొత్త రచనకు మొదటి కచేరీయే తరచు ఆఖరి కచేరీ. పదకొండు దేశాల స్వరకర్తలు వినే ఆ ఒక్కపూటా పాడైతే ఇక దాని మొహం చూసేవాడు ఉండడు.

"పదిహేడు సెకన్లా? ఆయన ముందు?" అంది సంఘం అధ్యక్షురాలు మేడమ్ కొరీటా. "ఆ మనిషి మూడు సెకన్లు ఆగితే గొప్ప. చేతులు కట్టేయవే."

"పెద్దాయన్ని ఎలా కట్టేస్తానండీ?"

"పోనీ నిండుగా ఏదన్నా పెట్టు ఆ చేతుల్లో."

మిండా రెండు పనులూ చేసింది. ముందు ఒట్టుతో కట్టేద్దామని ఆయన ఇంటికి వెళ్లి, మేజా మీదున్న బాల యేసు బొమ్మ ముందు ఆయన్ని నిలబెట్టింది.

"మాంగ్ పోన్సో, నా పాటకి మీరు ముందు చప్పట్లు కొట్టనని ఒట్టెయ్యండి."

"నేనెప్పుడు ముందు కొట్టానమ్మాయ్? మిగతావాళ్లు ఆలస్యంగా కొడతారు."

"ఒట్టెయ్యండి!"

"సరే, ఒట్టు. బాల యేసు మీద ఒట్టు. జీప్నీలో కొట్టుకోవచ్చా?"

మర్నాడు ఆయన్ని మూడో వరసలో కూర్చోబెట్టి, అరిటాకులో కాల్చిన బియ్యప్పిండి బిబింకా పెద్దది తెచ్చి రెండు చేతుల్లో పెట్టింది. "నేనొచ్చేదాకా దీన్ని పట్టుకోండి. కింద పెట్టకండి, ఒకచేత్తో పట్టుకుంటే విరిగిపోతుంది" అంది. ఆయన బుద్ధిగా తలూపారు.

ఆ హాల్లో ఏసీ రెండు రోజుల నుంచి పనిచేయడం లేదు. వేదిక పక్కన పెద్ద ఫ్యాను పెట్టారు. రచన సగం దాకా మిండా ఊహించినదానికంటే బాగా సాగింది. అప్పుడు ఫ్యాను వాయించేవాళ్ల వైపు తిరిగింది. వేణువు వాయిస్తున్న నెస్తోర్ ముందున్న కాగితాలు నాలుగూ ఎగిరి చెల్లో కింద దూరాయి.

నెస్తోర్ ఆగిపోయాడు. వేణువు వినపడకపోయేసరికి చెల్లో ఆగింది. వేణువు అందుకుంటే తను అందుకుందామని గంటలాయన కర్రలు పైకెత్తి అలాగే ఉండిపోయాడు. ఇది మిండా రాసిన నిశ్శబ్దం కాదు. నెస్తోర్ తల తిప్పి, వేదిక పక్కన నిలబడ్డ ఆమె వంక చూశాడు. మిండా చెల్లో కింది కాగితాల వంక చూసింది. ముందు వరసలో ఎవరో గుసగుసలాడబోయారు.

అంతలో మూడో వరసలో బిబింకా నేలమీద పడిన చప్పుడైంది. ఆ వెంటనే చప్పట్లు. "భేష్! భేష్!"

అయిపోయిందన్నమాట అనుకుని హాలంతా హాయిగా ఊపిరి పీల్చుకుని చప్పట్లు అందుకుంది. వాయించేవాళ్లు ముగ్గురూ తెల్లమొహాలతో లేచి వంగి దణ్ణాలు పెట్టారు. జపాన్ నుంచి వచ్చిన పెద్ద స్వరకర్త, ఎవరినీ మెచ్చుకోని మనిషి, మిండా దగ్గరకు నడిచొచ్చాడు.

"ఎంత ధైర్యంగా తెంచేశారండీ! ఇంకోసారి వినాలని ఉంది."

"ఇంకా నాలుగు పేజీలున్నాయండీ" అంది మిండా ఏడుపుగొంతుతో.

"అయితే తప్పకుండా వినాలి." ఆయన వెళ్లి మేడమ్ కొరీటాతో మాట్లాడాడు. ముగింపు రోజున 'పోటు తగ్గాక' మొత్తం మళ్లీ వాయించాలని అక్కడికక్కడే నిర్ణయమైపోయింది.

మిండా తిన్నగా మూడో వరసకి వెళ్లింది. ఆయన వంగి బిబింకా ముక్కలు ఏరుకుంటున్నారు.

"మీరు ఒట్టేశారు!"

"వేశాను. తప్పాను." చొక్కా లోపలి నుంచి మడతలు పడ్డ కాగితాల కట్ట తీసి ఆమె చేతికిచ్చారు. మిండా రాసిన స్వరాల నకలే. అంచుల్లో ఎర్ర పెన్సిలు రాతలు. 'ఇక్కడ పేజీ తిప్పాలి, ఫ్యాను ఉంటే ప్రమాదం.' 'ఇక్కడ తెగితే అసహ్యం, కొట్టకూడదు.' 'ఇక్కడ తెగితే పరవాలేదు.' నెస్తోర్ ఆగింది సరిగ్గా ఆ చివరి గుర్తు దగ్గర.

"ఇంకో రెండు స్వరాలు ముందే ఆగి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు" అన్నారాయన.

మిండా ఆ పక్క కుర్చీలో కూలబడింది. "సియోల్లో?"

"పియానో ఆయన మర్చిపోయాడు. చేతులెత్తింది అందుకే."

"తైపేలో మూడో భాగం?"

"దాని కాగితాలు టాక్సీలో ఉండిపోయాయి. పాపం, వాయించేవాడు రెండో భాగం ఆఖర్న ఏడవడానికి సిద్ధంగా ఉన్నాడు."

"బ్యాంకాక్‌లో ఆవిడ ఇంకా మొదలేపెట్టలేదుగా!"

"చేతులు ఎలా వణుకుతున్నాయో చూళ్లేదూ? రెండు చప్పట్లు పడితే కుదురుకుంది."

"మరి జీప్నీ?"

"అది అలవాటమ్మాయ్."

పదేళ్లుగా పదిమందిని నవ్వించిన కథలన్నీ గుర్తొచ్చి మిండాకి సిగ్గేసింది. "ఎందుకు ఎవరికీ చెప్పలేదండీ?"

"చెబితే చప్పట్లు కొట్టినప్పుడల్లా ఏం తప్పు జరిగిందా అని వెతుకుతారు. పిచ్చోడనుకుంటే గొడవే లేదు." బిబింకా ముక్కొకటి ఊది నోట్లో వేసుకున్నారు. "నా కుర్రతనంలో నా పాట ఇలాగే మధ్యలో తెగింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కొత్త బూట్లు కిర్రు కిర్రుమంటుండగా వేదిక దిగాను. ఆ బూట్లు మళ్లీ తొడగలేదు."

"ఎల్లుండి మాత్రం మీరే ముందు కొట్టాలి. నా ఆజ్ఞ."

"అమ్మో, కొట్టను. ఒక ఒట్టు ఒక్కసారి తప్పితే బాల యేసు ఊరుకుంటాడు. రెండోసారి ఊరుకోడు."

ముగింపు రోజున ఫ్యాను తీసేశారు. అందరూ చెమటలు కక్కుతూ విన్నారు. వేణువు ఆఖరి స్వరం సన్నగా సాగి ఆగిపోయింది. నిశ్శబ్దం మొదలైంది. పది సెకన్లు. పదిహేడు. అది కూడా దాటింది.

ఎవరూ కదల్లేదు. ఇన్నేళ్లుగా ఆ సంఘంలో ఎవరికీ తమంతట తాము చప్పట్లు కొట్టే అవసరం రాలేదు. హాలంతా మూడో వరస వైపు తిరిగింది. మాంగ్ పోన్సో అరచేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువుగా కూర్చుని, పైకప్పు చూస్తున్నారు. ముప్ఫై సెకన్లు. నలభై. జపాన్ పెద్దాయన భక్తిగా కళ్లు మూసుకున్నాడు.

మిండాకి ఇక తప్పలేదు. లేచి నిలబడి తన పాటకు తనే చప్పట్లు కొట్టింది.

రెండో చప్పట్లు మాంగ్ పోన్సోవి. ఆయన రెండోవాడు కావడం సంఘం చరిత్రలో అదే మొదలు.

"మరీ ఇంత ఆలస్యమా అమ్మాయ్?" అన్నారు కొడుతూనే. "చేతులు తిమ్మిరెక్కిపోయాయి."