టిక్కీ అడుగున దాచిన ప్రశ్న

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశాను. చదువు అబ్బక మానేశానని ఊళ్ళో అనుకుంటారు, అదీ అబద్ధం కాదు. అసలు కారణం మాత్రం బల్ల. దాని మీద తల పెట్టుకుని పడుకుంటే మెడ పట్టేసేది. ఎటూ నిద్రపోవడానికే అయినప్పుడు, ఇంట్లో నులక మంచం ఉండగా అంతదూరం నడవడం దేనికనిపించింది. అలాంటివాణ్ణి, నలభై దాటాక, నిద్ర గురించి మాట్లాడటానికి గుంటూరులో డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు తీసుకోవాల్సి వచ్చింది.

నాది ట్రాలీ ఆటో. పత్తి రోజుల్లో చిలకలూరిపేట జిన్నింగు మిల్లులకు పత్తి, మిరప రోజుల్లో గుంటూరు యార్డుకు టిక్కీలు తోలుతుంటాను. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన పెద్ద గోతం. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బండి మీదే.

మొన్నొక మధ్యాహ్నం యార్డు నుంచి ఖాళీ బండితో వస్తుంటే రైలు గేటు పడింది. రైలు వెళ్ళిపోయింది. గేటు లేచింది. వెనక బస్సులు, లారీలు హారన్లు మోగించాయి. నేను హ్యాండిల్ మీద గడ్డం ఆనించి హాయిగా నిద్రపోతున్నాను. చివరికి గేటాయన వచ్చి భుజం తట్టి, "అయ్యా, ఇల్లొచ్చింది, దిగు" అన్నాడు. ఆ వెనక బస్సులో మా ఊరివాళ్ళున్నారు. నేను ఇంటికి చేరేసరికి కబురు నాకన్నా ముందే చేరింది.

మా ఆవిడ అరవలేదు. అరిస్తే ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాణ్ణి. తిన్నగా ఫోను తీసి, ఎవరెవరినో అడిగి, నిద్ర జబ్బులు చూసే డాక్టరు నంబరు సంపాదించింది. అక్కడ ఫోనెత్తిన అమ్మాయి, అడగాలనుకున్నవి ముందే రాసుకుని రమ్మంది. పేషెంటు పడుకున్నప్పుడు చూసేవాళ్ళెవరైనా వెంట రావాలని కూడా చెప్పింది. నన్ను నేను ఎన్నడూ చూసుకోలేదు కాబట్టి ఆ ఉద్యోగం మా ఆవిడకే పడింది.

నిజానికి నా గురకకు కారణం మిరప ఘాటని నేను చాలాకాలం నమ్మాను, నలుగురినీ నమ్మించాను. పొద్దస్తమానం టిక్కీల మధ్య తిరిగేవాడి ముక్కు మూసుకుపోదా? పత్తి రోజుల్లోనూ గురక పెడుతున్నావుగా అని మా ఆవిడ అంటే, అది పత్తి నూగన్నాను. వానాకాలంలో ఏ సరుకూ ఉండదు కదా అని అడిగేలోపు అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయాను.

ప్రశ్నల కాగితం కల్లంలో తయారైంది. ఎండిన మిరపకాయలు కుప్పలుగా పోసి ఆడవాళ్ళు తాలు ఏరుతున్నారు. రంగు పోయి తెల్లబడ్డ కాయను తాలంటారు. ముక్కులకు కొంగులు బిగించుకుని, కళ్ళు కుప్ప మీద పెట్టి, నోటితో మాత్రం ఊరి సంగతులన్నీ తేల్చేస్తుంటారు. వాళ్ళలో మా ఆవిడా ఉంది. లోడు కోసం కాచుకుని నేను బండి నీడన కూర్చున్నాను. రాసుకున్నవి మనసులో చదువుకోవచ్చు. కానీ ఎదురుగా అంతమంది ఉండగా మనసులో చదువుకుంటే నవ్వేదెవరు?

"ఒకటో ప్రశ్న. నా గురక నాకు వినపడదు, ఇంట్లో అందరికీ వినపడుతుంది. మరి జబ్బు నాదా, వాళ్ళదా?"

"తాలు," అంది మా ఆవిడ తలెత్తకుండా.

"రెండోది. చర్చి ప్రార్థనలో అందరితోపాటు నేనూ కళ్ళు మూసుకుంటా. ఆమెన్ అన్నాక నావి తెరుచుకోకపోతే, అది భక్తా, రోగమా?"

"కళ్ళు సరే అన్నా, నోటి సంగతేంది?" అంది ఆమె పక్కన కూర్చున్న చెల్లెలి వరస పిల్ల. "పోయిన ఆదివారం అయ్యగారి వాక్యం మాకు సగం వినపళ్ళా."

"అదీ తాలే," అంది మా ఆవిడ.

అప్పటికే మిగతావాళ్ళకు హుషారొచ్చింది. ఒకామె, పడుకుంటే అరికాళ్ళు మండుతున్నాయి, అది కూడా రాయమంది. నాకు పిన్ని వరసయ్యే పెద్దావిడ గొంతు పెంచి, "ఏరా, నాకు మధ్యాన్నం నిద్ర ఆగదు, రాత్రి రాదు. రెండిటినీ అటూ ఇటూ మార్చే బిళ్ళ ఏదన్నా ఉందేమో అడుగు" అంది. నేను రాసేశాను. డాక్టరు ఒక్కరే అయినా ఊరందరికీ పనికొస్తే మంచిదే కదా.

"మీయి మీరు పోయి అడుక్కోండమ్మా," అని మా ఆవిడ చేతులు దులుపుకుని లేచి, నా చేతిలోని కాగితం తీసుకుంది. తాలన్నవన్నీ గోటితో గీకినట్టు పెన్నుతో కొట్టేసింది. రాత్రంతా పడుకున్నా పగలు నిద్రెందుకొస్తుంది, పొద్దున లేవగానే తలనొప్పేంది, ఇలాంటివి ఉంచింది. తనే ఇంకొకటి కలిపింది: నిద్రలో ఊపిరి ఆగితే ఏమవుతుంది?

"ఇదెక్కణ్ణించి వచ్చిందే? నాకు ఊపిరి ఆగడమేంది?"

"నీకెట్టా తెలుస్తది? గురకకి నాకు అలవాటేనయ్యా, అది ఉన్నంతసేపూ నేను పడుకునే ఉంటా. అది ఆగినప్పుడే లేచి కూర్చునేది. మళ్ళీ మొదలయ్యేదాకా నీ డొక్క మీద చెయ్యేసి చూస్తా."

నేను ఏదో ఒక చమత్కారం కోసం వెతుక్కున్నాను. లేచి బండి తాడు సర్దడం మొదలుపెట్టాను.

"ప్రశ్నలు అయిపోయినియ్యా?" అంది పిన్నమ్మ.

"అయిపోయినై," అన్నాను.

"కాలేదు," అంది మా ఆవిడ. "యార్డులో కొనేవాడు టిక్కీ మూతి కాడ కాయ చూసి రేటు చెప్తాడా?"

చెప్పడు. అది నేను రోజూ చూసేదే. కొందరు పైన మెరిసే కాయ పెట్టి అడుగున తాలు తొక్కుతారు. అందుకని కొనేవాడు గోతాన్ని అడుగున చీల్చి, అక్కడి కాయ లాగి చూస్తాడు.

"నువ్వు తిరగేసి తొక్కావు," అంది. "తాలంతా పైన పోసి, కాయ అడుగున దాచావు. తియ్యి బయటికి."

అదేమిటో నాకు తెలుసు. బండి నడపొచ్చా? ఆ ఒక్క మాట నేను రాయలేదు. రాయకపోతే అడగను, అడక్కపోతే డాక్టరు చెప్పరు, చెప్పకపోతే తెల్లారి మామూలుగా బండి తీయవచ్చు. ఇదీ నా లెక్క.

"అడిగితే వద్దంటారే."

"అడక్కపోతే గేటు మళ్ళీ పడుద్ది," అంది. "ఈసారి పడకముందే నీకు కునుకొస్తే?"

కాగితం తీసుకుని రాశాను. ఆమె దాన్ని ఆ ప్రశ్న పైకి కనబడేలా మడిచి, జాకెట్లో దోపుకుంది.

డాక్టరమ్మ నాకంటే చిన్నదే. ముందు టేపు తీసి నా మెడ కొలిచింది. చొక్కా కుట్టిస్తారాండి అంటే నవ్వింది. తర్వాత చాలాసేపు అడిగింది. సగానికి పైగా జవాబులు మా ఆవిడే చెప్పింది, డొక్క మీద చెయ్యి సంగతితో సహా. నా వంతు వచ్చాక కాగితం నా చేతికొచ్చింది. పైన ఏముందో అదే చదివాను.

"బండి నడపొచ్చాండి?"

ఆమె పెన్ను కింద పెట్టింది. "గేటు దగ్గర జరిగింది చెప్పారు కదండీ. ఒక రాత్రి ఇక్కడ పడుకోబెట్టి పరీక్ష చేస్తాం. ఏమిటో తేలి, వైద్యం మొదలై, పగటి మగత పోయేదాకా వద్దు. కుదుటపడ్డాక చాలామంది మళ్ళీ నడుపుకుంటున్నారు. అది అప్పుడు చూద్దాం."

పడుకుంటే చాలనే పరీక్ష ఒకటుందని తెలిస్తే నేను బడి మానేసేవాణ్ణే కాదన్నాను. డాక్టరమ్మ మళ్ళీ నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు గాని, కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఆ గదిలోకి వచ్చినప్పటి నుంచి ఆమె వీపు ఆనించడం అదే మొదలు.

బండి తాళం మా బావమరిదికి ఇచ్చాను. వాడు పట్టుకున్నాక కూడా నా వేళ్ళు కాసేపు వదల్లేదు. మర్నాడు కల్లంలో టిక్కీలు ఎత్తి, తాడు బిగించే దాకా నేనే దగ్గరుండి చూశాను. బండి నేను లేకుండా రోడ్డెక్కి మలుపు తిరిగింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆడవాళ్ళ వైపు నడిచాను.

"డాక్టరమ్మ బండి తోలొద్దంది పిన్నమ్మా," అన్నాను. "ఇంక నాకేం పనుంది? ఈ నీడన ఒక కునుకు తీస్తా."

పిన్నమ్మ ముక్కు మీది కొంగు దించి, ఒక కుప్ప నా ముందుకు తోసింది.

"కునుకేందిరా, కూర్చుని తాలు ఏరు. ఈ ఘాటులో కూడా నీకు నిద్రొచ్చిందంటే, ఆ డాక్టరమ్మనే ఇక్కడికి పిలిపిద్దాం."