మావయ్యగారి చిత్రిక మిషన్, నా చెవి

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో చెవుల పరీక్షకి వెళ్లాను. వెళ్లాను అనడం కంటే మా కోడలు పట్టుబట్టి తీసుకెళ్లింది అంటే నిజం చెప్పినట్టుంటుంది. అక్కడి అమ్మాయి నన్నో చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి రెండు డిప్పలు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా వేలెత్తమంది. మొదట కీచుమని, పోనుపోను గోడ అవతల ఎవరో గోటితో గీరుతున్నట్టు వినపడుతుంటే, కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్న నాకు ఉన్నట్టుండి టేకు పొట్టు వాసన వేసింది. ఆ గదిలో టేకు ఎక్కడిది! మన వయసుకి వచ్చాక ముక్కుకీ చెవికీ కాలంతో పనుండదు కాబోలు. చప్పుడు వినపడితే వేలెత్తడం అనే పని నేను ఇంతకుముందే, చాలా ఏళ్లు, చేసి ఉన్నాను.

తెనాలి నుంచి కోడలిగా వచ్చేనాటికి కర్మన్‌ఘాట్ రోడ్డులో మా మావయ్యగారికి తలుపులూ కిటికీలూ చేసే షెడ్డు ఉండేది. ముందు షెడ్డు, వెనక ఇల్లు. అత్తగారు నా పెళ్లికి ముందే పోయారు. మావారు పొద్దున్నే టిఫిన్ తిని ఆఫీసుకి వెళ్లిపోతే, పగలంతా నాకు తోడు ఆ మిషన్ల రొదే. అందులో మావయ్యగారి ప్రాణం చిత్రిక మిషన్. షెడ్డులో పనిచేసే మేస్త్రీ నల్గొండ వైపు మనిషి, ఆయన దాన్ని రందా మిషన్ అనేవాడు. ఎవరు ఏ పేరుతో పిలిచినా అది మాత్రం ఇద్దరికీ పలికేది.

చూడని వాళ్ల కోసం చెబుతాను. రెండు ఇనప బల్లలు, వాటి మధ్య గిర్రున తిరిగే డ్రమ్ము, ఆ డ్రమ్ముకి బిగించిన బ్లేళ్లు, అంతే మిషన్. పలకని ముందు బల్ల మీద పెట్టి తోస్తే బ్లేళ్లు పైపొర లేపుతాయి, నునుపు తేలిన భాగం వెనక బల్ల మీదికి జారుతుంది. కిటుకంతా బ్లేడు అంచూ వెనక బల్లా ఒకే ఎత్తున ఉండడంలో ఉంది. బ్లేళ్లు సానపట్టించి మళ్లీ బిగించిన ప్రతిసారీ ఆ ఎత్తు కుదర్చాలి, మావయ్యగారు దాన్ని చెవితో కుదిర్చేవారు. కరెంటు ఆపేసి, వెనక బల్ల మీద ఒక తిన్నని చెక్కబద్దని డ్రమ్ము మీదికి వచ్చేలా పెట్టి, డ్రమ్ముని చేత్తో మెల్లగా తిప్పేవారు. బ్లేడు ఆ బద్దకి తగిలీ తగలనట్టు తగిలితే 'టిక్' మని ఓ చిన్న చప్పుడు వస్తుంది. ఆ చివరా, ఈ చివరా, మధ్యలోనూ ఆ చప్పుడు ఒక్కలాగే ఉండాలి. ఆ కాసేపూ షెడ్డులో ఎవరూ దగ్గకూడదు. రోడ్డు మీద బస్సు వెళుతుంటే అది సాగర్ రింగ్ రోడ్డు వైపు తిరిగిపోయేదాకా ఆయన చెయ్యెత్తి ఆగేవారు. పూజగదిలోనైనా ఆయన అంత నిశ్శబ్దంగా ఉండగా నేను చూడలేదు.

ఆ ఏడు బడంగ్‌పేట్ దగ్గర కొత్తగా చిన్న చర్చి కట్టుకుంటున్నవాళ్లు సింహద్వారం తలుపులు మాకు అప్పగించారు. క్రిస్మస్‌కి ఎక్కించాలి. చీటికీ మాటికీ వచ్చి చూసుకునే సంఘపెద్ద ఓ పెద్దావిడ, ఊరు విడిచి నగరానికి వచ్చి కూలిపనితో పిల్లల్ని పెంచుకున్న మనిషి, పలకల్ని చేత్తో తడిమి మురిసిపోయేది. తీరా పలకలు జతచేసే సమయానికి పని మొరాయించింది. ప్రతి పలకా మొదలంతా అద్దంలా వచ్చి, చివర జానెడు మేర పల్లం పడుతోంది. రెండు పలకలు కలిపితే ఆ చివర సందులోంచి వెలుతురు కనపడేది.

మావయ్యగారు పట్టు వదలలేదు. మట్టం బద్ద పెట్టి చూస్తే రెండు బల్లలూ ఒకే తిన్నన ఉన్నాయి. పలక ఆనుకునే పక్క పట్టీకి మూలమట్టం పెట్టారు, సరిగ్గానే ఉంది. నేల కుంగిందేమోనని రసమట్టం పెట్టారు, డ్రమ్ము బేరింగులు విప్పి చూశారు. ఎక్కడా లోపం లేదు. బ్లేళ్లు విప్పి మళ్లీ మొదటినుంచీ కుదిర్చారు. పల్లం ఇంకాస్త లోతైంది.

"ముందలంత మంచిగనే ఒస్తుంది సార్, తోక కాడికి ఒచ్చేసరికి గుంత వడుతుంది. మిషన్‌కే ఉమర్ అయిపోయినట్టుంది, అమ్మేద్దాం" అన్నాడు మేస్త్రీ, ఎటో చూస్తూ. మావయ్యగారి మొహం చూడాలి అప్పుడు. ఎద్దుని కబేళాకి తోలమన్నట్టు చూశారు. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

మర్నాడు నేను టీ పట్టుకెళ్లేసరికి ఆయన మళ్లీ డ్రమ్ము తిప్పుతున్నారు. టిక్ మంది. ఆయన ఆగలేదు. మర తిప్పి బ్లేడుని పైకి లేపారు. ఈసారి టక్కుమంది. అయినా చెవి వంచి వింటూ, తల అడ్డంగా ఊపి, ఇంకాస్త లేపబోయారు. నాకు విషయం తట్టింది. జబ్బు మిషన్‌ది కాదు. ఏళ్ల తరబడి ఆ రొదలో నిలబడ్డ చెవి సన్నచప్పుడుని వదిలేసింది, ఆయన అది వినపడేదాకా బ్లేళ్లని లేపుతూ పోతున్నారు. బ్లేడు వెనక బల్ల కంటే ఎత్తైపోతే పలక చివరికొచ్చి ముందు బల్ల వదలగానే కిందికి దిగి లోతుగా కోసుకుపోదూ మరి!

మావయ్యగారి ఎదుట గట్టిగా మాట్లాడే అలవాటు మా ఇళ్లలో లేదు. అయినా నోరు జారింది. "తగిలింది మావయ్యగారూ, ఇందాకే తగిలింది" అన్నాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. మేస్త్రీ నేల చూపులు చూశాడు. మేస్త్రీకి ముందే తెలుసని, చెప్పడానికి మనసొప్పక మిషన్ మీదికి నెట్టేశాడని అప్పుడర్థమైంది. ఆ షెడ్డులో ఆ మనిషికున్న పేరంతా ఆ చెవే కదా, దాన్ని నేను అందరి ముందూ తీసేశానే అని భయం.

కోప్పడతారనుకున్నాను. నన్ను గోడవైపు తిరిగి నిలబడమన్నారు. "తగిలినప్పుడల్లా వేలెత్తు అమ్మాయ్" అని, బ్లేడు కిందికి దించి మళ్లీ మొదలుపెట్టారు. తిప్పుతున్నారు, నేను వేలెత్తుతున్నాను. నేను వేలెత్తినప్పుడల్లా బద్ద కదలడం ఆయన కళ్లతో చూసుకున్నారట. అలా చాలాసేపు నన్నూ, తననూ పరీక్షించుకుని, చివరికి పెద్దగా నవ్వేశారు. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! ఇన్నాళ్లూ బంగారంలాంటి మిషన్ని తిట్టిపోశాను కదయ్యా" అన్నారు మేస్త్రీతో.

అక్కడితో ఊరుకోలేదు. సంఘపెద్ద వచ్చినప్పుడు దాచకుండా తనే చెప్పారు, మిషన్‌కి ఏమీ కాలేదమ్మా, నా చెవే పోయింది, ఇప్పుడు మా కోడలు వింటోందని. ఆవిడ నావైపు ఎగాదిగా చూసి, "చెవి పోతేంది సారూ, చెయ్యి సక్కగున్నది గద" అంది. పండక్కి తలుపులు ఎక్కాయి. రెక్క రెక్కా మూస్తే మధ్యన వెంట్రుక దూరే సందు లేదు. తన లోపాన్ని అంత తేలిగ్గా, అంత నిండుగా నలుగురిలో ఒప్పుకున్న మగవాణ్ని నేను మళ్లీ చూడలేదు, మావారితో సహా.

అప్పటినుంచి బ్లేళ్లు బిగించే రోజున వంటింట్లో ఉన్నా నాకు పిలుపొచ్చేది. గరిట పక్కన పెట్టి, పైట దోపుకుని వెళ్లి గోడవైపు తిరిగేదాన్ని. ఎంత గర్వమో చెప్పలేను. పురిటికి పుట్టింటికి వెళ్లినప్పుడు నా బెంగంతా ఆ మిషన్ గురించే. తిరిగొచ్చాక మేస్త్రీని అడిగితే నవ్వాడు. "మీరు లేనప్పుడు సార్ బద్ద మీద పెన్సిల్ గీత గీసి, బ్లేడు దాన్ని ఎంత జరుపుతదో కండ్లతోనె చూసిండు అక్కా. చెవితోటి పనే పడలే" అన్నాడు.

నేను నిలువునా నీరుగారిపోయాను. కానీ ఆ వారంలోనే షెడ్డులోంచి మళ్లీ అదే కేక, అమ్మాయ్, ఒకసారి ఇలా రామ్మా అని. చంటిదాన్ని ఉయ్యాల్లో వేసి వెళ్లాను. బల్ల మీద పెన్సిల్ పక్కనే ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు, నేను అడగలేదు. గోడవైపు తిరిగాను.

ఆయన పోయారు. షెడ్డు ఉన్నచోట ఇప్పుడు కోచింగ్ పిల్లల హాస్టలు లేచింది. ఎల్బీనగర్‌లో మా ఫ్లాటుకి తలుపులు ఫ్యాక్టరీలో తయారై అట్టపెట్టెల్లో వచ్చాయి, చక్కగానే మూసుకుంటాయి, వాటిలో లోపం వెతకను. ఒకళ్ల చెవితో ఇంకొకళ్లకి పని పడే రోజులు పోయాయనే కాస్త దిగులు.

చెవికి మిషన్ పెట్టించుకున్నాను. ఇప్పుడు ఫ్యాను చప్పుడు కూడా వినపడుతోంది. మా కోడలు ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్లో ఉద్యోగం చేసుకుంటుంది, పెళ్లయి వచ్చి ఎన్నాళ్లో కాలేదు, ఇంకా కాస్త కొత్త. నిన్న పప్పు కుక్కరు పెట్టి, హాల్లోకి వినపడేలా అడిగాను, ఎన్ని విజిల్స్ వచ్చాయి అమ్మాయ్ అని. అది పని ఆపి, తల ఎత్తి, బుద్ధిగా లెక్క చూసుకుని, "రెండొచ్చాయి అత్తయ్యా" అంది.

నాకూ రెండే వినపడ్డాయి.