తెరవ అనే మాట

బెంగళూరు మడివాళ మార్కెట్ వెనక సందులో, ఒక ఇంటి పై అంతస్తు గదిలో అద్దెకు దిగి నాకు ఆరేళ్ళవుతోంది. మాది గుంటూరు. ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేయడం నా ఉద్యోగం. సెలవు రోజుల్లో ఇంటర్నెట్‌లో ఉన్న ఒక తెలుగు నిఘంటువులో ఉదాహరణలు చేరుస్తుంటాను. ఎవరైనా రాయగలిగే నిఘంటువు అది. మాటకు అర్థం ఉంటుంది, దాన్ని వాడిన వాక్యం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది. అచ్చయిన పుస్తకంలోంచి వాక్యం తెచ్చి, ఏ పుస్తకమో ఏ పేజీయో రాసి అక్కడ పెట్టాలి. ఈ పని ఎందుకు మొదలుపెట్టానో సరిగ్గా చెప్పలేను. సీసా మీద చీటీ లేకపోతే మనసు ఊరుకోని ఉద్యోగం నాది, అదే కారణమేమో.

కింది ఇంట్లో ఉండే ఓనరమ్మకు అరవై దాటాయి. నేను ఆంటీ అంటాను. వాళ్ళు తరతరాలుగా బెంగళూరులోనే ఉన్న, ఒకప్పుడు సేద్యం చేసిన తెలుగువాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది కన్నడం. అందుకని ఆమెకు తెలుగు చదవడం రాదు. ఒకరోజు పాత పేపర్లవాడికి వేయడానికి అటక సర్దుతూ నన్ను కిందికి పిలిచింది.

"ఇది మా మామది. తెలుగు బుక్కంట. నీకు సదవొస్తాది కదా, పెట్టుకో అప్పా," అంది. మగవాళ్ళనైనా ఆడవాళ్ళనైనా ఆమె అప్పా అనే పిలుస్తుంది.

అట్ట ఊడిపోయిన సేద్యం పుస్తకం అది. ఏ నేలకు ఏ పైరు, ఎరువు ఎప్పుడు చల్లాలి, ఎద్దుకు జబ్బు చేస్తే ఏం చేయాలి, అన్నీ పాతకాలం గ్రాంథికంలో ఉన్నాయి. లోపలి మొదటి పేజీ మిగిలి ఉంది కాబట్టి పేరూ అచ్చయిన సంవత్సరమూ తెలిశాయి. నిఘంటువుకు అది చాలు. పేజీల అంచుల్లో సన్నటి పెన్సిలు రాతలు కూడా ఉన్నాయి. తెలుగులాగే ఉన్నాయి గాని ఒక మాట తెలిస్తే రెండు తెలియడం లేదు. చదువు తక్కువ మనిషి వంకర రాత అనుకున్నాను.

మొదటి నెలలో ఇరవై వాక్యాల దాకా ఎక్కించాను. చిక్కు పదును అనే మాట దగ్గర వచ్చింది. వాన వెలిసిన మూడో నాడు పదును చూసి విత్తాలని పుస్తకంలో ఉంది. నాకు తెలిసిన పదును కత్తికి ఉండేదే. నాగలి కర్రు పదునుగా ఉందో లేదో చూసుకోమంటున్నాడనుకుని, వాడి అనే అర్థం కింద ఆ వాక్యం పెట్టాను. రెండు రోజుల తర్వాత అక్కడి పాత సంపాదకులొకరు, ఆయనో ఆమో నాకిప్పటికీ తెలియదు, చర్చాపేజీలో ఒక మాట రాశారు. "వానకూ కర్రుకూ సంబంధం ఏమిటి? మళ్ళీ చూడండి."

మళ్ళీ చూశాను. ఆ వాక్యం పక్కన అంచులో పెన్సిలు రాత ఉంది. కళ్ళజోడు తుడుచుకుని, దీపం దగ్గర పెట్టుకుని చదివితే మూడు మాటలు తేలాయి. "తెరవ సూసి ఇత్తల్ల." తర్వాతి వరస ఎంతకీ అర్థం కాలేదు.

తెరవ అంటే స్త్రీ. పాత కావ్యాల్లో ఆ మాట ఉంది, బండి రతో రాస్తారు. రైతు బండి ర రాయలేదంటే వింత లేదు. కానీ ఆడమనిషిని చూసి విత్తడమేమిటి? ఎలాంటి ఆడమనిషిని? రెండు రోజులు ల్యాబులో కూడా అదే ఆలోచన. చివరికి ఆంటీనే అడిగాను.

"మీ చేలల్లో విత్తనం ఆడవాళ్ళు వేసేవారా?"

"ఏసేటోళ్ళు. మా అత్త చెయ్యి మంచిదని అందరూ పిలుచుకోని పోతా ఉండ్రి. ఏం?"

ఇంకేం కావాలి నాకు? తెరవ అనే మాటకు "విత్తనం వేసే స్త్రీ, రైతుల వాడుక" అని కొత్త అర్థం చేర్చి, అంచు రాతను ఉదాహరణగా పెట్టేశాను. ఆ రోజు నాకు చాలా గర్వంగా ఉందని ఒప్పుకోవాలి. ఏ నిఘంటువులోనూ లేని అర్థం నా చేతికి దొరికిందనుకున్నాను.

సంపాదకులు మర్యాదగానే రాశారు. "కావ్యాల మాట పొలంలోకి ఎలా వచ్చింది? రాత ఫోటో పెట్టగలరా?"

ఆదివారం చర్చి నుంచి రాగానే వెలుతురు కోసం పుస్తకం మిద్దె మీదికి తీసుకెళ్ళాను. ఆంటీ అక్కడ చాప మీద రాగులు ఎండబోస్తోంది. నేను ఫోటో తీసి, అక్షరాలు పెద్దవి చేసి చూస్తుంటే నా భుజం మీదుగా వంగి చూసింది.

"తేవ సూసి ఇత్తల్ల," అని చదివి, కింది వరస కూడా చదివింది. "ఎర్రనేల, మూడు దినాలుంటే ఆరిపోతాది."

నేను తలెత్తి ఆమె వంక చూశాను. "మీకు తెలుగు చదవడం రాదన్నారు కదా ఆంటీ?"

"తెలుగు యాడుండాది ఈడ? ఇది కన్నడ అక్షరాలు కదా." ఫోన్ నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ చూసింది. "అక్షరం కన్నడ, మాట మాది. మా మామ రాత ఇది."

కన్నడంలో ఎత్వానికి దీర్ఘం ఉంటే దాని గుర్తు అక్షరం పక్కన విడిగా, కొక్కెంలా వస్తుంది. ఆ కొక్కేన్నే నేను ర అనుకున్నాను. ఇన్నేళ్ళు బస్సు బోర్డులు చూస్తూ కూడా నాకు తట్టలేదు.

"తేవ అంటే?"

"తేవ అంటే తేవే అప్పా. నేల్లో తడి. గుప్పిట్లో మన్ను పట్టి నొక్కితే ఉండ కావల్ల. అదే పదును."

అంటే అచ్చులో ఉన్న పదునుకే ఆయన పక్కన తన మాట రాసుకున్నాడు. మూడు రోజులు ఆగమన్న పుస్తకంతో ఒప్పుకోలేదు కూడా. నేను కత్తి అనుకున్నది తడి, ఆడమనిషి అనుకున్నదీ తడే. ఎక్కించిన ఇరవై వాక్యాల్లో ఇంకా ఎన్ని తప్పులున్నాయో.

ఆంటీ మాత్రం నన్ను పట్టించుకోలేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అంచులు మాత్రమే చదువుకుంటూ పోయింది. రాగుల మీద పావురాలు వాలినా తోలలేదు. ఒక పేజీ దగ్గర ఆగి, "ఇన్నేండ్లూ అంతా తెలుగే అనుకోని తెరిసి సూడ్లేదు నేను," అంది.

"ఆయనకు తెలుగు రాకపోతే ఈ పుస్తకం ఎలా చదివారు?"

"మా అత్త సదివేది. ఆయమ్మది అనంతపురం పక్క. ఆమె సదువుతా ఉంటే ఈయన రాసుకున్నాడేమో. నాకేం తెలుసు, నేనప్పటికి ఈ ఇంటికి రాలేదు."

ఆ సాయంత్రం తెరవ కింద నేను రాసినదంతా తీసేసి, పదును వాక్యాన్ని నేల తడి అనే అర్థం కిందికి మార్చి, క్షమించమని రాశాను. అంతటితో అయిపోవాలి. కానీ తేవను ఏం చేయాలో తెలియలేదు. చేతిరాతను ఉదాహరణగా తీసుకోవడం కుదరదనీ, అసలు అది కన్నడ మాట అనీ సంపాదకులు చెప్పారు. సరేనని, అలాంటిదే కన్నడంలో ఉన్న నిఘంటువులో ఆంటీ చేత రాయించి అడిగాను. మాట తమదేనని, వాక్యం మాత్రం తెలుగులో ఉంది కాబట్టి తమకు పనికిరాదని అక్కడివాళ్ళు జవాబిచ్చారు.

ఆ జవాబు నాకు చదివి చెప్పింది ఆంటీయే.

"మా ఇంట్లో అందరూ తేవ అనే అంటారు కదప్పా. మేము మాట్లాడేది తెలుగు కాదా అయితే?"

తెలుగే అన్నాను. తేవ వాక్యాన్ని తెలుగు నిఘంటువు చర్చాపేజీలో ఒక మూల రాసి పెట్టాను. ఎవరూ తీసేయలేదు, ఎవరూ లోపలికి తీసుకోలేదు.

పుస్తకం ఇప్పుడు ఆంటీ దగ్గరే ఉంది. నాకిచ్చిన సంగతి ఆమె మరిచిపోయినట్టే కనబడుతోంది, నేనూ గుర్తు చేయలేదు. వాక్యం కావాలంటే కిందికి వెళ్తాను. నేను అచ్చు చదువుతాను, ఆమె అంచు చదువుతుంది. మొన్న ఎద్దుల జబ్బుల పేజీలో ఒక ఆకు పేరు వచ్చింది. అచ్చులో ఒక పేరు, అంచులో ఇంకో పేరు. రెండూ ఒకే ఆకో, ఆయన పుస్తకాన్ని కాదని వేరే మందు రాసుకున్నాడో మా ఇద్దరికీ తెలియలేదు. ఆంటీ తన చెల్లెలికి ఫోన్ చేసి అడిగింది. ఆమె మూడో పేరు చెప్పింది.