అవ్వ తాపిన నీళ్లు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. బతికున్నవాళ్లతోనే సరిపోతుంటే చచ్చినవాళ్లకు భయపడే తీరిక మనకెక్కడిదిరా అనేవాడు మా నాయన. నాదీ అదే మాట. కాబట్టి ఇది చదివి నన్ను దయ్యాల భక్తుల్లో చేర్చకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను. కాస్త కోపంగానే చెబుతాను, ఎందుకంటే ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులు. తిరుపతికి కాలేజీ వచ్చిన కొత్త. ఊరంతా మురిసిపోయింది. అరుగున్న ప్రతివాడూ దానికి తడిక కట్టి గది అన్నాడు. సందుకొక కాఫీ క్లబ్బు లేచింది. యాత్రికుల మీద బతకడం తెలిసిన ఊరు, ట్రంకుపెట్టెలతో దిగిన మా మీద బతకడం కూడా తొందరగానే నేర్చుకుంది.

అయితే గది చూపించే ముందు ఒక ప్రశ్న ఉండేది. "ఏమోళ్లప్పా మీరు?"

మేమిద్దరం, నేనూ దేవదానమూ. పుత్తూరు దగ్గర ఒకే మాలపల్లెలో పుట్టి, మిషను బడిలో ఒకే బల్ల మీద చదివినవాళ్లం. కిరస్తానీలమని చెబితే, "అది సరే, అంతకు ముందు?" అని అడిగేవాళ్లు. అంతకు ముందేమిటో చెప్పగానే గదిని అప్పటికే ఎవరికో ఇచ్చేసి ఉండేవాళ్లు.

చివరికి మా లెక్చరరు ఒకాయన మాట సాయం చేస్తే, కోవెల కొలువులో ఉన్న ఒక పెద్దింటివారు వెనక సందులోని ఆవుల కొట్టం ఇచ్చారు. ఆవులను అంతకు ముందే అమ్మేశారు. ఆవులు పోయిన చోట మేం దిగాం.

నీళ్లకు ఒక పద్ధతి పెట్టారు. బావి వాళ్ల పెరట్లో ఉంది. పెరటి తలుపు మా కొట్టం పక్కన తెరుచుకుంటుంది. పొద్దున్నే కుండను గడప బయట పెట్టి మేం దూరంగా నిలబడాలి. ఆ ఇంటి అవ్వ, అంటే యజమాని తల్లి, చేది తెచ్చి గడప లోపలి నుంచే ఎత్తి పోసేది. అంత ఎత్తు నుంచి పోస్తే సగం నేలపాలయ్యేది. మేం కుండ తీసుకోగానే అది పెట్టిన చోట పసుపునీళ్లు చల్లేది.

"సదివి ఎవురిని ఉద్ధరించేదానికో," అని గొణిగేది. ఒక్కరోజైనా మా మొహం చూసి మాట్లాడలేదు. ఏడాది పొడుగునా ఆమెతో మా పరిచయం అంతే. ఆమె కన్నా కటువైన మనిషి ఆ ఇంట్లో లేదు.

ఎండాకాలం పరీక్షలు దగ్గర పడుతుండగా దేవదానానికి జ్వరం తగిలింది. విడవని జ్వరం. నీళ్లు ఎక్కువగా తాపమన్నాడు డాక్టరు. సరిగ్గా అప్పుడే అవ్వకు కూడా ఒంట్లో బాగాలేక, వైద్యానికని చిత్తూరులో కూతురింటికి తీసుకుపోయారు. ఇంటిల్లిపాదీ వెళ్లారు.

బయలుదేరేటప్పుడు యజమాని భార్యను అడిగాను. పక్కింటి పనిమనిషికి తాళం ఇచ్చిపోతే ఆమె చేది పోస్తుంది కదా, లోపల జ్వరం మనిషి ఉన్నాడు అన్నాను.

"ఆ యమ్మి ఏమరుపాటున ఉంటే మీరు బావి ముట్టుకోరని ఏం నమ్మకం? బిరీన వచ్చేస్తాము. అందాకా యాడన్నా తెచ్చుకోండి," అంది. పెరటి తలుపుకు లోపల గడియ పెట్టి, వీధి తలుపుకు తాళం వేసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు మధ్యాహ్నానికి కుండ ఖాళీ అయింది. దేవదానం పెదాలు పగిలిపోయాయి. దాహం, దాహం అంటూ గోడవైపు తిరిగి మూలుగుతున్నాడు. నేను కుండ తీసుకుని పరుగెత్తాను.

వీధి బావి దగ్గర ఆడవాళ్లు, మావి అయినాక పోస్తాం ఉండమన్నారు. నిలబడ్డాను. వాళ్లవి అయిపోయాయి. బిందెలెత్తుకుని, నేనక్కడ లేనట్టే వెళ్లిపోయారు.

కాఫీ క్లబ్బులో అడిగాను. "దోసిలి పట్టు, పోస్తా. కుండలో మాత్రం పొయ్యను," అన్నాడు క్లబ్బు నడిపేవాడు. జ్వరంతో ఉన్నవాడికి దోసిట్లో నీళ్లు ఎంత దూరం మోసుకుపోను? ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండిపోతోంది. ఏడుకొండలవాడి పాదాల దగ్గర ఉన్న ఊరు, లోకమంతా వచ్చి మొక్కే ఊరు. ఆ ఊళ్లో ఒక కుండెడు నీళ్లకు దిక్కు లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

ఆఖరికి రైలు కట్ట దాటి, మావాళ్ల పల్లె వెతుక్కుంటూ పోయాను. అక్కడ ఒకామె ఏమీ అడగకుండా కుండ నింపింది. వాడు బతికుంటాడో లేదో అనుకుంటూ ఎండలో పడి తిరిగొచ్చాను.

దేవదానం గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా ముందుభాగం తడిసి ఉంది. నుదుటన చెమట పట్టి జ్వరం దిగింది. పక్కన ఒక ఇత్తడి చెంబు, అందులో ఇంకా సగం నీళ్లు. ముట్టుకుంటే అప్పుడే చేదినట్టు చల్లగా ఉన్నాయి.

"అవ్వ వచ్చిండెరా," అన్నాడు. "నా తల ఎత్తి ఒళ్లో పెట్టుకోని తాపింది. మెల్లంగా తాగు నాయనా అనింది."

వాళ్లు తిరిగొచ్చారేమోనని చూశాను. పెరటి తలుపు నెట్టాను, గడియ పెట్టే ఉంది. వీధిలోకి పోయి చూశాను, తాళం వేసినట్టే ఉంది. జ్వరంలో కలవరిస్తున్నాడనుకుందామంటే కలవరింత చెంబు తెచ్చి పెట్టదు కదా. ఆ చెంబు నాకు తెలుసు. అవ్వ మడి చెంబు అది. ఇంట్లో కోడలిని కూడా తాకనిచ్చేది కాదు.

మరుసటి రోజు యజమాని గుండుతో తిరిగొచ్చాడు. అవ్వ చిత్తూరులో పోయింది. తక్కిన కర్మలు ఇక్కడ జరిపించాలని వచ్చారు. మా గడప మీద చెంబు కనబడగానే ఆయన అరుపులు సందంతా వినబడ్డాయి. ఇంట్లో జొరబడి దొంగిలించామన్నాడు. కాలేజీలో చెప్పి ఇద్దరి పేర్లూ కొట్టేయిస్తానన్నాడు. మా రెండు కుటుంబాలూ మా చదువు మీదే ఆశ పెట్టుకుని ఉన్నాయి.

ఈలోగా ఆయన భార్య లోపలంతా చూసి వచ్చింది. "గడియ ఏసినట్టే ఉండాది. వంటింటి తాళం కూడా ఉండాది. సెంబు మాత్రం గూట్లో లేదు," అంది.

దేవదానం లేవలేక చాప మీది నుంచే జరిగింది చెప్పాడు. ఆమె గడప మీద కూలబడింది. అవ్వ పోయింది నిన్న మధ్యాహ్నమేనట. పోయే ముందు మంచం మీద బావిలో చేదుతున్నట్టు చేతులు ఆడించిందట. ఎవరికీ ఏమీ అర్థం కాలేదట.

యజమాని చెంబు వైపు చూశాడు. కొడుకు కదా, కంట నీరు పెట్టుకుంటాడనుకున్నాను.

"సెంబు మీరే ఉంచుకోండి. మీరు ఎంగిలి చేసింది మాకొద్దు. కొట్టం కాళీ చెయ్యండి," అన్నాడు.

దొంగతనం మాట మళ్లీ ఎత్తలేదు. మేం సామాను సర్దుకుంటుంటే పురోహితుడు వచ్చి గడపకు, బావికి శుద్ధి చేశాడు. కర్మల్లో అవ్వ కోసం ప్రాయశ్చిత్తం కూడా ఒకటి చేయించారని తర్వాత తెలిసింది. మమ్మల్ని ముట్టుకున్నందుకు. అంటే ఆమె వచ్చిందని మాకన్నా ముందు వాళ్లే నమ్మారు. నమ్మి చేసిన పని అది.

దేవదానం బతికాడు, పరీక్ష రాశాడు, హెడ్మాస్టరయ్యాడు. రోజూ ప్రార్థనలో ఆమె పేరు తలుచుకుంటాడు. కన్నతల్లి కూడా అట్లా తాపి ఉండదురా అంటాడు. ఆ మాట దగ్గరే మా ఇద్దరికీ జగడం.

తాళం వేసిన ఇంట్లో నుంచి చెంబు ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. అందులో నీళ్లు ఎవరు నింపారో తెలియదు. ఇన్నేళ్లు ఆలోచించినా తేలలేదు. కానీ వచ్చింది ఆమే అయితే, తల ఎత్తి నీళ్లు తాపడం ఆమెకు తెలుసన్నమాట. ఏడాది పొడుగునా తెలిసే గడప దాటలేదన్నమాట. దేవదానం ఆమెకు రుణపడ్డాడు. నేను మాత్రం ఈరోజుకీ ఆమెను క్షమించలేదు.